కుంటకు షీటు పరిచే పనితనం

అనంతపురం ఎర్రనేలల్లో కుంట తవ్వితే చాలదు, పడిన వాన నాలుగు రోజుల్లో ఇంకిపోతుంది. అందుకే చీనీ తోటల రైతులు పంటకుంటలో 500 మైక్రాన్ల షీటు పరిపిస్తారు. మందం చూసి కొనడం తేలికే. అసలు పనితనం షీటు విప్పకముందే కనబడుతుంది.

పరిచేవాళ్లు ముందు కుంటంతా అరికాళ్లతో తడుముతారు. మొనదేలిన రాయి, కంప ముల్లు, తుంగగడ్డ ఏదీ మిగలకూడదు. తుంగ మొలక పలచటి షీటునైతే పొడుచుకుని లేస్తుంది మరి!

కొలత ఇంకా ముచ్చటైనది. 20 మీటర్ల చదరపు కుంట, 3 మీటర్ల లోతు, ఒకటికి ఒకటిన్నర వాలు అనుకోండి. అడుగు 11 మీటర్లు, రెండు వాలులూ కలిపి దాదాపు మరో 11, గట్టుమీది కాలువలో పాతడానికి చెరో మీటరు: అటూ ఇటూ 24 మీటర్ల షీటు కావాలి. వాళ్లు ఈ గట్టు నుంచి అడుగు మీదుగా ఆ గట్టుకు తాడు వేసి తేల్చేస్తారు.

బిగించి లాగరు; ఎండకు సాగి, చలికి ముడుచుకునే సరుకది.

షీటు మీద ఐఎస్ 15351 గుర్తు చూసి కొనండి. పరిచేవాళ్ల కూలి దగ్గర మాత్రం బేరమాడకండి.