ఆపరేషన్‌కు ముందు ఒక అరగంట

పప్పు తింటే కుట్లు చీము పడతాయని చెప్పని అవ్వ చిత్తూరు జిల్లాలో ఉండదేమో. గుడ్డు వద్దు, వంకాయ వద్దు, పచ్చి పుండుతో అటూ ఇటూ తిరగొద్దు. మాంసకృత్తులు బాగా తినమని డాక్టరు డిశ్చార్జి కాగితంలో రాస్తాడు. ఇంటికొచ్చాక మాత్రం చారన్నమే గతి. గాయం మానడానికి ఏది కావాలో దాన్నే పథ్యం పేరుతో ఆపేస్తారు. అవ్వను తప్పుపట్టి లాభం లేదు. ఆమెను ముందుగా కూర్చోబెట్టి చెప్పినవాళ్లెవరు?

చెప్పే అవకాశమున్న చోట్లు ఈ ప్రాంతంలో తక్కువేం కాదు. ఎముకలు, కీళ్ల ఆపరేషన్లకు తిరుపతిలో టీటీడీ 1985లో పెట్టిన బర్డ్ ఆసుపత్రి ఉంది. గుండె ఆపరేషన్లకు స్విమ్స్ ఉంది, దానికి సొంత నర్సింగ్, ఫిజియోథెరపీ కాలేజీలూ ఉన్నాయి. రుయా ఆసుపత్రి ఉంది, కుప్పంలో పీఈఎస్ ఆసుపత్రి ఉంది, తమిళనాడు సరిహద్దు దాటితే వేలూరు సీఎంసీ ఆసుపత్రి.

మోకీలు మార్పిడినే తీసుకుందాం. పాదాన్ని పైకీ కిందికీ ఆడించడం, తొడ కండరం బిగించి వదలడం, వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేయడం ముందే అలవాటు చేసుకోవాలి. కోత నొప్పి మీద వీటిని నేర్చుకోవడమంటే పరీక్ష హాల్లో పుస్తకం తెరవడమే. ఇంకోటి, ఇంట్లో వెస్ట్రన్ కమోడ్ ఉందా? డిశ్చార్జి నాడు ఈ మాట అడిగితే అప్పటికప్పుడు మేస్త్రీని ఎక్కడి నుంచి తెస్తారు?

ఆపరేషన్‌కు ముందే ఇలా చెప్పి నేర్పడం కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. 1964లో వెలువడిన ఒక అధ్యయనం కోసం బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో లారెన్స్ ఎగ్బర్ట్ అనే మత్తు డాక్టరు, ఆయన సహచరులు పొట్ట ఆపరేషన్ చేయించుకునే 97 మందిని రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు నొప్పి ఎక్కడ వస్తుందో, ఎలా వస్తుందో, వచ్చినప్పుడు ఒళ్లు ఎలా వదులు చేసుకోవాలో, ఎలా తిరగాలో విడమరిచి చెప్పారు. వాళ్లకు నొప్పి తగ్గించే మత్తుమందు సగమే సరిపోయింది. ఎవరికి చెప్పారో, ఎవరికి చెప్పలేదో సర్జన్లకు తెలియదు. అయినా విన్నవాళ్లను సగటున 2.7 రోజులు ముందుగా ఇంటికి పంపేశారు.

అయితే నోటితో చెప్పాలా, కాగితం చేతికిస్తే చాలదా? ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో పైపొట్ట ఆపరేషన్లకు సిద్ధమైన 441 మందిపై జరిగిన పరీక్ష ఫలితాలు 2018లో వచ్చాయి. కరపత్రం అందరికీ ఇచ్చారు. సగం మందిని మాత్రం ఫిజియోథెరపిస్టు అరగంట కూర్చోబెట్టి, ఊపిరి ఎలా తీయాలో చేయించి చూశారు. కాగితం మాత్రమే అందుకున్నవాళ్లలో 27 శాతం మందికి ఊపిరితిత్తుల ఇబ్బందులు వస్తే, చేసి నేర్చుకున్నవాళ్లలో 12 శాతం మందికే వచ్చాయి.

అన్నిచోట్లా ఇంత లాభం కనిపించలేదన్నదీ నిజమే. తుంటి, మోకాలి మార్పిడిపై వచ్చిన అధ్యయనాలన్నిటినీ 2014లో కోక్రేన్ అనే వైద్య పరిశోధనల సంస్థ సమీక్ష జల్లెడ పట్టింది. మామూలు చికిత్సకు తోడుగా ఈ పాఠం చెప్పినందువల్ల నొప్పిలో, నడకలో పెద్ద తేడా తేలలేదు. కాబట్టి పాఠం చెప్పామని రిజిస్టర్లో టిక్కు పెట్టుకుంటే సరిపోదు. ఏ రోగికి ఏది అవసరమో చూసి, రోగి చేత చేయించి చూడాలి. బైపాస్ రోగి చేత దిండును రొమ్ముకు హత్తుకుని దగ్గించాలి. బీడీ తాగేవాడికి మానమని చెప్పాల్సింది ముందురోజు రాత్రి కాదు, కనీసం నాలుగు వారాల ముందు. కుప్పం, నగరి వైపు నుంచి వచ్చినవాళ్లలో తమిళం మాట్లాడేవాళ్లకు తమిళంలోనే చెప్పాలి.

ఇక ఉపవాసం. ముందురోజు సాయంత్రం నుంచే గుక్కెడు నీళ్లు కూడా ముట్టని రోగులు ఇప్పటికీ కనిపిస్తారు. సాధారణంగా తేలికపాటి తిండి ఆరు గంటల ముందు, మంచినీళ్లు రెండు గంటల ముందు ఆపితే చాలన్నది ఇవాళ మత్తు డాక్టర్లు పాటించే లెక్క. ఎవరి విషయంలోనైనా ఆఖరి మాట మాత్రం వాళ్ల మత్తు డాక్టరుదే.

ఆపరేషన్‌కు ఒప్పుకునే అంగీకార పత్రం మీద సంతకం పెట్టించుకునే హడావుడిలో ఇవన్నీ చెబితే ఎవరి చెవికీ ఎక్కవు. ఆపరేషన్ తేదీ ఖాయమైన రోజే ఫిజియోథెరపిస్టు ఎక్కడుంటారో అడగండి. వెళ్లేటప్పుడు ఇంట్లో వండిపెట్టేవాళ్లను కూడా వెంట తీసుకెళ్లండి.