అంబాసిడర్ బానెట్ కింద స్పోర్ట్స్ కారు

పాత ఇంగ్లీషు స్పోర్ట్స్ కారులో రోజూ పనికి పోవడమంటే, ఆదివారం షికారుకు పుట్టిన యంత్రాన్ని వారమంతా కాడికి కట్టడమే. ఎం.జి., ట్రయంఫ్, ఆస్టిన్ హీలీ పేర్లతో 1950, 1960 దశకాల్లో వచ్చిన ఈ కార్లు రెండు సీట్లవి, గుడ్డ టాపువి, నేలకు బాగా దగ్గరగా నడిచేవి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల రోడ్లమీద నిత్యం కనిపించే సరుకు కాదు. వాటి దగ్గరి చుట్టాలు మాత్రం ఈ ప్రాంతానికి బాగా తెలుసు. ఒకటి అంబాసిడర్, రెండోది మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్. కారు కాకపోయినా అదే దేశం నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ మూడోది. పాత ఇంగ్లీషు బండి రోజువారీ వాడకానికి పనికొస్తుందా అన్న ప్రశ్నకు ఈ మూడింటి చరిత్రలోనే జవాబు ఉంది.

ఆ ప్రశ్న ఈ వారం మళ్ళీ లేవడానికి కారణం పెట్రోలు బంకులోని చిన్న స్టిక్కరు. దానిమీద ‘ఇ20’ అని ఉంటుంది. ప్రతి లీటరులోనూ ఐదో వంతు ఇథనాల్ కలిసిందని అర్థం. మామూలు బంకులో వేరే పెట్రోలు అడిగే వీలు లేదు. ఈ శీర్షికను మొదటినుంచీ చదివేవారికి దీని పాత పట్టుదలలు రెండూ తెలుసు. తిరిగే బండి చెడదు, షెడ్డులో పెట్టిన బండే చెడుతుందన్నది మొదటిది. పాత బండికి కంపెనీ బిగించిన బోల్టే ఉండాలి, అసలు రూపు చెదరకూడదన్నది రెండోది. ఇన్నేళ్ళూ ఈ రెండూ ఒకే మాటగా చెల్లిపోయాయి. ఇ20 వచ్చాక వాటి మధ్య తగవు పడింది.

వరసలో ముందు అంబాసిడర్. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడాలో హిందుస్తాన్ మోటార్స్ సంస్థ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ ఆధారంగా దీన్ని 1950ల చివర మొదలుపెట్టి 2014 దాకా తయారుచేసింది. 1959 నుంచి ఇందులో అమర్చిన 1489 సి.సి. పెట్రోలు ఇంజన్ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి-సిరీస్ ఇంజన్. 1955లో ఆబింగ్డన్ ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన ఎం.జి.ఏ. స్పోర్ట్స్ కారులో ఉన్నదీ అదే. బోరు, స్ట్రోకు కూడా ఒకటే. తేడా అంతా బిగింపులో ఉంది. ఎం.జి.ఏ.కి రెండు ఎస్.యు. కార్బరేటర్లు, ఎక్కువ కంప్రెషన్, దాదాపు 70 హార్స్‌పవర్. అంబాసిడర్‌కు ఒకే కార్బరేటరు, తక్కువ కంప్రెషన్, 50 హార్స్‌పవర్‌కు అటూఇటూ. ఆఫీసుల ముందు చెట్టు నీడన నిలబడి ఉండే తెల్ల అంబాసిడర్ బానెట్ కింద పనిచేసింది స్పోర్ట్స్ కారులో ఉన్న ఇంజనే, దూకుడు తక్కువ రూపంలో. ఆ నెమ్మదితనం వల్లే అది నాసిరకం పెట్రోలునూ, నిండా ఎక్కిన జనాన్నీ, ఎండనూ ఓర్చుకుంది.

స్టాండర్డ్ హెరాల్డ్‌ది ఇంకా దగ్గరి బంధుత్వం. ఇటలీ డిజైనర్ జొవాన్ని మికెలొట్టి రూపం దిద్దిన ట్రయంఫ్ హెరాల్డ్ 1959లో ఇంగ్లండులో విడుదలైంది. దాని ఛాసీని కురచ చేసి, రెండు సీట్ల బాడీ ఎక్కించి 1962లో తెచ్చిందే ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ స్పోర్ట్స్ కారు. మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రోడక్ట్స్ ఆఫ్ ఇండియా 1961 నుంచి హెరాల్డ్‌ను ఇక్కడ తయారుచేసింది. తర్వాత ఇంగ్లండులో ఎన్నడూ లేని నాలుగు తలుపుల హెరాల్డ్‌నూ తెచ్చింది. మెకానిక్‌కు ఈ కారు వరం. బానెట్, ముందు మడ్‌గార్డులు ఒకే ముక్కగా ముందుకు వాలిపోతాయి. చక్రం మీద కూర్చుని ఇంజన్ పని చేసుకోవచ్చు. ఇరుకు బజారులోనూ ఇట్టే తిరుగుతుంది.

చిక్కు వెనక ఇరుసుతో వచ్చింది. హెరాల్డ్, స్పిట్‌ఫైర్‌లలో వెనక చక్రాలు రెండూ ఒకే గట్టి ఇరుసుకు బిగించి ఉండవు. అడ్డంగా పెట్టిన ఒకే కమాన్ కట్ట కింద ఏ చక్రానికి ఆ చక్రం విడిగా ఊగుతుంది. మెత్తటి రోడ్డు మీద ఇది హాయి. మలుపులో వేగంగా తిప్పితే మాత్రం చక్రం లోపలికి ముడుచుకుని వెనక భాగం జారుతుంది. ఇక్కడి యజమానులూ మెకానిక్కులూ ఆ ఏర్పాటును నమ్మలేదు. 1972లో హెరాల్డ్ స్థానంలో వచ్చిన స్టాండర్డ్ గెజెల్‌కు కంపెనీ మామూలు గట్టి ఇరుసే వేసింది. సుకుమారం పోయింది, కారు రోజువారీ పనికి తట్టుకుంది.

బుల్లెట్ కథ కూడా ఇదే దారిలో, ఇంతకంటే చాలా దూరం నడిచింది. ఇంగ్లండులోని రెడ్డిచ్‌లో తయారైన 350 సి.సి. బుల్లెట్లను భారత సైన్యం సరిహద్దు గస్తీ కోసం తెప్పించుకుంది. ఆ ఆర్డరు ఫలితంగానే 1955లో మద్రాస్ మోటార్స్, రెడ్డిచ్ కంపెనీ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టాయి. తిరువొత్తియూరులో బండ్లు తయారయ్యాయి. 1970 నాటికి ఇంగ్లండులో ఎన్‌ఫీల్డ్ తయారీ పూర్తిగా ఆగిపోయింది, మద్రాసులో ఆగలేదు. పుట్టింట్లో చరిత్రగా మారిన బండి మెట్టినింట్లో రోజువారీ వాహనంగా బతికింది. కడప జిల్లాకు మద్రాసు రైలు దారిలో ఉన్న ఊరే కాబట్టి సామాన్ల కోసం ఎవరూ పెద్దగా వెతుక్కోవలసిన పని ఉండేది కాదు.

పోత ఇనుము ఇంజన్ బుల్లెట్‌ను స్టార్టు చేయడం ఒక విద్య. పెట్రోలు కుళాయి తిప్పాలి, ఇంజన్ చల్లగా ఉంటే చోక్ లాగాలి. కిక్కును మెల్లగా అదుముతూ హెడ్‌లైటు డూమ్ మీది ఆమ్‌మీటరు ముల్లును గమనించాలి. పాయింట్లు మూసుకుని ఉన్నంతసేపు ముల్లు మైనస్ వైపు వాలి ఉంటుంది. విడిపోగానే మధ్యకు వస్తుంది. అప్పుడు డీకంప్రెసర్ నొక్కి పిస్టన్‌ను పైకొస దాటించి, వదిలి, ఒక్క నిండు కిక్కు కొట్టాలి. 70 మిల్లీమీటర్ల బోరు, 90 మిల్లీమీటర్ల స్ట్రోకు ఉన్న ఇంజన్ అది. పొడవు స్ట్రోకు వల్లే నెమ్మదిగా తిరుగుతూనే బరువు లాగుతుంది. టైమింగ్ ముందుకు జరిగి ఉంటే కిక్ రాడ్డు ఎదురు తంతుంది. బుల్లెట్ నడిపినవాళ్ళ పిక్కలకు ఆ సంగతి తెలుసు.

గేర్లు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉండేవి. మొదటి గేరు పైకి, తక్కిన మూడూ కిందికి. జపాన్ బండ్లు వచ్చాక దేశమంతా ఎడమకాలి గేర్లకు అలవాటుపడింది. ఇంట్లో రెండు బండ్లుంటే కాళ్ళు తికమకపడి, బ్రేకు అనుకుని గేరు తొక్కిన సందర్భాలు కోకొల్లలు. కంపెనీ మెల్లమెల్లగా అన్నీ మార్చింది. 6 వోల్టుల కరెంటు 12 అయింది. పాయింట్ల స్థానంలో ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వచ్చింది. గేరు ఎడమకాలికి మారింది, ముందు చక్రానికి డిస్క్ బ్రేకు, ఇంజన్‌కు సెల్ఫ్ స్టార్టు వచ్చాయి. 2010 ప్రాంతంలో పాత పోత ఇనుము ఇంజనే సెలవు తీసుకుంది. ప్రతి మార్పుకూ పాతకాలపు అభిమానులు పెదవి విరిచారు. ఆ మార్పుల తర్వాతే బుల్లెట్ అమ్మకాలు ఎన్నడూ లేనంతగా పెరిగాయి. అభిమానుల పెదవి విరుపు పక్షానే ఇంతకాలం వాదించిన ఈ శీర్షిక కూడా ఆ లెక్కను పక్కన పెట్టలేదు.

వాడకంలో ఎదురయ్యే చిక్కుల్లో మొదటిది వేడి. ఇంగ్లండులో పాత కారుకు శత్రువు తుప్పు. చలికాలంలో మంచు కరగడానికి రోడ్లమీద చల్లే ఉప్పు బాడీని తినేస్తుంది. కడప జిల్లా పొడి గాలిలో ఆ బెడద తక్కువ. ఆ మేలుకు బదులుగా వేసవిలో 40 డిగ్రీలు దాటే ఎండ, నాపరాయి గనుల నుంచీ సిమెంటు లారీల నుంచీ లేచే దుమ్ము ఉన్నాయి. ఇంజన్ వేడికి పైపులోని పెట్రోలు ఆవిరైపోతే పంపు దాన్ని లాగలేదు, బండి నిలిచిపోతుంది. మెకానిక్కులు దీన్నే ఎయిర్ లాక్ అంటారు. అంబాసిడర్ డ్రైవర్లు పంపు మీద తడిగుడ్డ చుట్టేది ఇందుకే.

వేడి విషయంలో అసలు పరీక్ష వేగంలో లేదు, నెమ్మదిలో ఉంది. వేంపల్లె దగ్గర పాపాఘ్ని నది కొండను చీల్చుకుని వచ్చే చోటు గండి. అక్కడి వీరాంజనేయస్వామి క్షేత్రానికి శ్రావణ శనివారాల్లో జనం పోటెత్తుతారు. బండ్లు అడుగడుగునా ఆగుతూ కదులుతాయి. పాత కారు రేడియేటర్ ఫ్యాను ఇంజన్‌తోపాటే తిరుగుతుంది కాబట్టి, ఇంజన్ నెమ్మదించినప్పుడు గాలి కూడా తగ్గుతుంది. నీళ్ళు మరిగేది ఘాట్ ఎక్కుతున్నప్పుడు కంటే ఇలాంటి క్యూలోనే. థర్మోస్టాట్‌తో తిరిగే విడి కరెంటు ఫ్యాను, లోపల శుభ్రం చేయించిన రేడియేటరు ఉంటే చాలావరకు గట్టెక్కినట్టే.

రెండోది కరెంటు. లూకాస్ కంపెనీ వైరింగు మీద ఇంగ్లండులో పుట్టిన జోకులకు అంతు లేదు. 1961లో మద్రాసు శివారు పాడిలో లూకాస్-టి.వి.ఎస్. మొదలయ్యాక ఆ పరికరాలు ఇక్కడే తయారయ్యాయి. ఆ కాలపు డైనమో తక్కువ వేగంలో బ్యాటరీని నింపలేదు. హెడ్‌లైట్లు, వైపర్, ఫ్యాను కలిసి పనిచేసే వానరాత్రి అది చాలదు. దాని స్థానంలో ఆల్టర్నేటర్ వేయడం రోజూ నడిపేవాడికి తప్పనిసరి. పాయింట్ల గ్యాపు అంగుళంలో వెయ్యో వంతులు 15 ఉండాలి. అరిగేకొద్దీ అది మారుతుంది, ఫీలర్ గేజీ పెట్టి సరిచేసుకోవాలి. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్‌కు ఆ తంటా లేదు.

మూడోది బ్రేకులు. నాలుగు చక్రాలకూ డ్రమ్ములు ఉన్న కారు, ముందు వెళ్తున్న కొత్త కారు ఆగినంత దూరంలో ఆగదు. దానికి మందు దూరం పాటించడం, బ్రేకు నూనెను వేళకు మార్చడం. సీటు బెల్టులు లేని కాలపు కారైతే అవి బిగించుకోవడం ప్రాణానికి మంచిది.

ఇక ఇంధనం. 2000లో దేశమంతటా సీసం లేని పెట్రోలు వచ్చినప్పుడే పాత ఇంజన్లకు మొదటి దెబ్బ తగిలింది. వాల్వు సీట్లను కాపాడింది ఆ సీసమే. హెడ్ విప్పి గట్టి సీట్లు వేయించుకున్న బండ్లు నిలిచాయి. ఇప్పుడు ఇథనాల్ వంతు. లీటరుకు అందులోని శక్తి పెట్రోలులో మూడింట రెండు వంతులే. దానిలోని ఆక్సిజన్ వల్ల పాత కార్బరేటర్ మిశ్రమం పలచబడి ఇంజన్ వేడెక్కుతుంది. ఎస్.యు. కార్బరేటరులో నీడిల్ మార్చి, జెట్ నట్టు తిప్పి దీన్ని సరిదిద్దవచ్చు. పాత రబ్బరు పైపులు, కార్కు వాషర్లు ఇథనాల్‌కు ఉబ్బి పగులుతాయి. తట్టుకునే కొత్తరకం పైపులు వేయాలి. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది కూడా. నెలల తరబడి కదలని ట్యాంకులో నీరు అడుగున చేరి తుప్పు పట్టిస్తుంది. రోజూ తిరిగే బండిలో పెట్రోలు నిలవ ఉండదు కాబట్టి ఆ ముప్పు తక్కువ. శీర్షిక మొదటి పట్టుదల ఇక్కడ గెలిచింది. రెండోది గెలవలేదు. కంపెనీ బిగించిన పైపు, సీటు, నీడిల్ ఉన్నవి ఉన్నట్టు ఉంచితే ఆ బండి రోజూ తిరగలేదు.

చివరిది చట్టం. 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలోనే ఉన్న రెండు, నాలుగు చక్రాల వాహనాలకు 2021లో కేంద్రం వింటేజ్ హోదా ఇచ్చింది. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, నంబరులో ‘వి.ఏ.’ అక్షరాలు. ఆ బండి ప్రదర్శనలకు, ర్యాలీలకు, పరిశోధనకు, పెట్రోలుకు, మరమ్మతుకు మాత్రమే రోడ్డెక్కాలి. రోజువారీ వాడకం నిషిద్ధం. బ్రిటన్‌లో 40 ఏళ్ళు దాటిన కారుకు రోడ్డు పన్ను లేదు. పెద్ద మార్పులు చేయకుండా ఉంటే ఏటేటా జరిగే ఎం.ఓ.టి. పరీక్ష కూడా తప్పనిసరి కాదు. అయినా దానిలో రోజూ ఆఫీసుకు పోవచ్చు. ఇక్కడ రోజూ నడపాలంటే మామూలు నంబరే ఉంచుకోవాలి. 15 ఏళ్ళ తర్వాత ఐదేళ్ళకోసారి తనిఖీ చేయించి రెన్యువల్ చేయించుకోవాలి. ఇంజన్ మారిస్తే ఆర్.సి.లో ఎక్కించుకోవాలి.

చూడటానికి ఈ నియమం పాత బండ్ల మీద కక్షలా ఉంటుంది. నిజానికి అది రెండు దారులను విడదీసింది. అసలు రూపు కావాలనుకునేవారికి వి.ఏ. నంబరు, తెరకప్పు, ర్యాలీ ఉన్నాయి. రోజూ నడపాలనుకునేవారికి మెకానిక్, ఆల్టర్నేటర్, గట్టి సీట్లు, కొత్త పైపులు ఉన్నాయి. ఒకే బండిలో రెండూ కుదరవు. ఎం.జి.లో ఉన్న ఇంజనే తక్కువ కంప్రెషన్‌తో అంబాసిడర్‌లో నిలిచింది. ఇరుసు మారాకే హెరాల్డ్ గెజెల్ అయి కొనసాగింది. ఒక్కొక్కటే మార్చుకుంటూ పోయింది కాబట్టి బుల్లెట్ ఇప్పటికీ షోరూములో ఉంది. ఈ నేలమీద పాత ఇంగ్లీషు బండికున్న అసలు చరిత్ర ఈ మార్పులదే. పాత కారుతో రోజూ పనికి పోదలచినవారు బాడీని, ఇంజన్ దిమ్మెను, గేర్‌బాక్సును ఉన్నవి ఉన్నట్టు ఉంచుకుని తక్కినవన్నీ మొహమాటం లేకుండా మార్చుకోవచ్చు.