వెంట వచ్చేవి, వెనక ఉండిపోయేవి

ఉచితంగా బ్లాగు తెరవడం చిటికెలో పని. గూగుల్ ఖాతా ఉంటే బ్లాగర్‌లో ఒక పేరు, ఒక చిరునామా, ఒక థీమ్ ఎంచుకుంటే అయిపోయింది. వర్డ్‌ప్రెస్ డాట్ కామ్‌లో ఈమెయిలు ఇస్తే చాలు. చాలామంది దారి తప్పేది ఆ తర్వాతే. మొదటి టపా రాయకముందే హెడర్‌లో బొమ్మ, పక్కపట్టీలో గడియారం, కింద సందర్శకుల లెక్క, పైన పాకే అక్షరాలు వచ్చి కూర్చుంటాయి. ముస్తాబు పూర్తయ్యేసరికి రాయాలన్న ఉత్సాహం సగం చల్లారిపోతుంది. ముస్తాబు చేసుకోకూడదని కాదు. ఉచిత బ్లాగులో ఏ మార్పు చేయబోయినా ముందు ఒక్క ప్రశ్న వేసుకోవాలన్నదే నా వాదన: రేపు ఇక్కడి నుంచి మూటాముల్లె సర్దుకోవాల్సి వస్తే ఇది నా వెంట వస్తుందా, వెనకే ఉండిపోతుందా? అద్దె ఇంట్లో మంచం, బీరువా మనవి. గోడలో కట్టించిన అలమర ఇంటివాళ్లది. వెంట వచ్చేదాని మీద ఎంత శ్రమపడ్డా దండగ కాదు. ఉండిపోయేదాని మీద సరదాకు ఒక పూట గడిపితే గడపవచ్చు, అంతకు మించి వద్దు.

సర్దుకోవాల్సిన రోజు నిజంగా వస్తుందా అంటే, వచ్చిందనే చరిత్ర చెబుతోంది. ఉచిత సొంత పేజీలకు 1990లలో ఊరూపేరూ తెచ్చిన జియోసిటీస్‌ను యాహూ 1999లో కొని 2009 అక్టోబరులో మూసేసింది. అదే ఏడాది యాహూ 360 అనే బ్లాగు సేవ కూడా పోయింది. మైక్రోసాఫ్ట్ తన లైవ్ స్పేసెస్ అనే బ్లాగు సేవను 2010లో వదులుకుని, అందులో రాసేవాళ్లను వర్డ్‌ప్రెస్ డాట్ కామ్‌కు వెళ్లమంది. పోస్టరస్ అనే సేవను ట్విట్టర్ 2012లో కొన్నది, 2013 ఏప్రిల్ ఆఖరున ఆపేసింది. వీటిలో ఏదీ అనామక సంస్థ మూసినది కాదు, డబ్బులేక మూసినదీ కాదు. ఇల్లు నడిపేవాళ్లకు దానిమీద ఆసక్తి పోయింది, అంతే. బ్లాగర్ 1999లో ఒక చిన్న కంపెనీ చేతుల్లో పుట్టి, 2003లో గూగుల్ చేతికి వచ్చి, ఇప్పటికీ నిలబడి ఉంది. అందుకు సంతోషమే. కానీ నిలబడి ఉండటం వేరు, ఏమీ మారకుండా ఉండటం వేరు.

ఆ తేడా తెలియాలంటే మన దేశంలో జరిగిన ఒక సంగతి చూడాలి. 2012లో గూగుల్ ఇక్కడి పాఠకులందరినీ బ్లాగ్‌స్పాట్ డాట్ కామ్ నుంచి బ్లాగ్‌స్పాట్ డాట్ ఇన్‌కు మళ్లించడం మొదలుపెట్టింది. బ్లాగు అదే, రాత అదే, చిరునామా తోక మాత్రం మారింది. ఆ కాలంలో తెలుగు బ్లాగర్లు తమ టపా లంకెను బ్రౌజర్ పైపట్టీలోంచి కాపీ చేసి ఈమెయిళ్లలో, ఫేస్‌బుక్‌లో, ఇతరుల వ్యాఖ్యల కింద అంటించారు. అతికించిందంతా డాట్ ఇన్ చిరునామానే. 2020కి ఆ డాట్ ఇన్ పేరు గూగుల్ చేజారి ఇంకెవరి చేతికో వెళ్లిపోయింది. బ్లాగులకు ఏమీ కాలేదు, డాట్ ఇన్ స్థానంలో డాట్ కామ్ అని చేత్తో మారిస్తే ఇప్పటికీ తెరుచుకుంటాయి. అయితే ఆ మాట పాఠకుడికి ఎవరు చెబుతారు? లంకె నొక్కి, ఏదో సంబంధం లేని పేజీ వస్తే, ఆ బ్లాగు పోయిందనుకుని వెళ్లిపోతాడు. చిరునామా మనది కానప్పుడు మన తప్పేమీ లేకుండానే ఇలా జరుగుతుంది. 2006 జులైలో ప్రభుత్వం కొన్ని పేజీలను ఆపమంటే ఇంటర్నెట్ కంపెనీలు మొత్తం బ్లాగ్‌స్పాట్‌నే ఆపేసి కూర్చోవడం కూడా ఆ బాపతే.

ఇక అలంకారాల గతి ఏమైందో చూడండి. బ్లాగర్ పాత మూసలనుంచి కొత్త లేఅవుట్లకు మారినప్పుడు, పాత మూస కోడ్‌లో చేసుకున్న మార్పులు కొత్తదానిలోకి రాలేదు. 2011లో మొబైల్ థీమ్‌లు వచ్చాక ఫోనులో చూసేవారికి పక్కపట్టీ చాలావరకు మాయమైంది. ఇవాళ పాఠకుల్లో ఎక్కువమంది చూసేది ఆ తెరమీదే. గూగుల్ ప్లస్ వ్యాఖ్యలను తమ బ్లాగుకు తగిలించుకున్నవారి సంగతి మరీ అన్యాయం. 2019లో గూగుల్ ప్లస్‌తో పాటే ఆ వ్యాఖ్యలూ పోయాయి, పాఠకుల ఆదరణ, వాదన, తిట్లు అన్నీ కలిపి. ఎక్కడో దొరికిన విడ్జెట్లు అయితే అంతకంటే ప్రమాదం. ఆ చిన్న ముక్క కోడ్ ఎవరి సైటునుంచి వస్తుందో ఆ సైటు పేరు గడువు తీరి వేరేవాళ్లు కొంటే, మీ బ్లాగుకు వచ్చినవాడిని వాళ్లు ఎక్కడికైనా లాక్కుపోవచ్చు.

మరి వెంట వచ్చేది ఏది? రాత. దాని శీర్షిక, తేదీ, లేబుళ్లు, లోపల ఇచ్చిన లంకెలు. ఇందుకు తెలుగువాళ్లకు వేరే దేశపు సాక్ష్యం అక్కర్లేదు. యూనికోడ్ స్థిరపడక ముందు మన పత్రికలు, సైట్లు ఎవరి ఫాంటు వారు పెట్టుకున్నారు. ఆ ఫాంటు ఉంటేనే అది తెలుగు, లేకపోతే రోమన్ అక్షరాల గజిబిజి. అప్పట్లో అలా దాచుకున్న ఫైళ్లు ఇవాళ తెరిస్తే గజిబిజే మిగులుతుంది. 2005, 2006లలో లేఖిని లాంటి పరికరాలతో యూనికోడ్‌లో టైపు చేసి బ్లాగుల్లో పెట్టిన రాత మాత్రం, అప్పటికి పుట్టని ఫోనులో కూడా ఒక్క వత్తు చెదరకుండా కనిపిస్తోంది. ఆనాటి విండోస్ కంప్యూటర్లలో చాలావరకు గౌతమి ఫాంటే గతి కనుక ఆ బ్లాగులు చూపుకు అంత బాగుండేవి కావు. చూపు పోయింది, రాత మిగిలింది. సర్దుకుని వెళ్లగలిగే రూపంలో రాసుకోవడమంటే ఇదే.

ఈ లెక్కన, రంగుల ఎంపికకంటే ముందు శ్రద్ధ పెట్టాల్సింది టపా చిరునామా మీద. తెలుగు శీర్షికలకు ఇక్కడ ఒక చిక్కు ఉంది. బ్లాగర్ శీర్షికలోంచి రోమన్ అక్షరాలను, అంకెలను మాత్రమే ఏరుకుని చిరునామా తయారుచేస్తుంది. శీర్షిక అంతా తెలుగైతే దానికి ఏరుకోవడానికి ఏమీ ఉండదు కనుక 'బ్లాగ్ పోస్ట్' అని ఒక మొద్దు పేరు పెట్టి, రెండోసారి నుంచి వెనక ఒక అంకె తగిలిస్తుంది. వందలకొద్దీ తెలుగు టపాలు ఇలా ఒకే పేరుతో, అంకె తేడాతో ఉన్నాయి. వర్డ్‌ప్రెస్‌లో దీనికి ఎదురు బాధ. అది తెలుగు శీర్షికను అలాగే ఉంచుతుంది, కాకపోతే తెరవెనుక ఒక్కో అక్షరం, ఒక్కో గుణింతం, ఒక్కో పొల్లు తొమ్మిదేసి గుర్తులుగా మారుతుంది. చిరునామాలో ఆ భాగానికి ఉన్న చోటు 200 గుర్తులు. 'గోదావరి పుష్కరాల జ్ఞాపకాలు' అని శీర్షిక పెట్టి చూడండి. 'గోదావరి'కి 63, 'పుష్కరాల'కు 72, మధ్యలో రెండు గీతలు, 'జ్ఞాపకా' దగ్గరికి వచ్చేసరికి సరిగ్గా 200 నిండుతుంది. చివరి 'లు' తెగిపోతుంది. ఎవరికైనా ఆ లంకె వాట్సాప్‌లో పంపితే వరుసలకొద్దీ శాతం గుర్తులు కనిపిస్తాయి, నొక్కడానికి భయపడతారు కూడా. రెండుచోట్లా మందు ఒకటే. ప్రచురించే ముందు టపా చిరునామా (పర్మాలింక్) పెట్టె తెరిచి, రోమన్ లిపిలో రెండు మూడు మాటల పొట్టి పేరు సొంతంగా రాయాలి. బ్లాగర్‌లో ప్రచురించాక మారిస్తే అప్పటికే పంపిన లంకెలు తెగుతాయి. ఇల్లు మారినా, డొమైన్ మారినా, ఆ పొట్టి పేరు కొత్తచోట మళ్లీ అలాగే పెట్టుకోవచ్చు.

అందం అక్కర్లేదా అని ఒకరంటారు. కంటికి ఇంపుగా లేని పేజీలో ఎంత గొప్ప రాతైనా ఎవరు చదువుతారు? ఈ అభ్యంతరంలో నిజం ఉంది, కానీ అందమని మనం అనుకునేదీ చదవడానికి కావలసిందీ ఒకటి కావు. ఉచిత థీమ్‌లు చాలావరకు ఇంగ్లిష్ అక్షరాలను దృష్టిలో పెట్టుకుని చేసినవి. వాటిలో వరుసల ఎడం తెలుగుకు సరిపోదు. పై వరుసలో 'రాష్ట్రం'లోని 'ష్ట్రం', కింది వరుసలో సరిగ్గా దానికిందే 'కీలకం'లోని 'కీ' పడితే, ట వత్తు, క్రారవడి దిగివచ్చి గుడిదీర్ఘాన్ని గుద్దుకుంటాయి. అందుకే మార్పు చేయదలిస్తే ముందు ఇదే చేయాలి. థీమ్ సీఎస్ఎస్‌లో వరుస ఎత్తును అక్షరం సైజుకు 1.7 రెట్లు చేసి, అక్షరాన్ని ఒకటి రెండు పాయింట్లు పెంచి, రెండు అంచులూ సమంగా లాగే జస్టిఫై తీసేసి ఎడమ అంచుకు సర్దాలి. సమాసాలతో మన మాటలు పొడుగు, గీత పెట్టి విరిచే అలవాటు బ్రౌజర్‌కు లేదు, అందుకని ఫోను తెర మీద జస్టిఫై చేస్తే మాటల మధ్య గుంతలు పడతాయి. తెలుగును ఇటాలిక్‌లో వాల్చడమూ మానుకోవాలి, వాలిన తెలుగక్షరం చదవడానికి కష్టం. ఫాంట్లకు కరవు లేదు. గూగుల్ ఫాంట్లలో మండలి, రామభద్ర, సూరన్న, పెద్దన, గురజాడ అంటూ ఉచితంగా దొరుకుతున్నాయి. రామభద్ర లాంటి బరువైన అక్షరం శీర్షికకు బాగుంటుంది, వ్యాసమంతా అందులో పెడితే కళ్లు నొప్పిపుడతాయి. వర్డ్‌ప్రెస్ ఉచిత ప్లానులో సొంత సీఎస్ఎస్‌కు దారి లేదు కనుక అక్కడ థీమ్ ఎంచుకునేటప్పుడే ఈ సంగతి చూసుకోవాలి. ఈ మార్పులన్నీ థీమ్‌తో పాటు వెనకే ఉండిపోయేవే, ఒప్పుకుంటాను. కానీ అరగంటలో మళ్లీ చేసుకోగలిగినవి.

ఆ కోడ్‌తో కుస్తీ పట్టడంలోనే సరదా ఉందనేవాళ్లు మరికొందరు. వాళ్లమీద నాకు ఫిర్యాదు లేదు. బ్లాగర్ మూసను విప్పి, చెడగొట్టి, బాగుచేసుకుంటూ మొదటి హెచ్‌టీఎంఎల్ నేర్చుకున్న తెలుగు కుర్రాళ్లు తక్కువమంది కారు. వాళ్లు చేయాల్సిందల్లా ప్రయోగాలకు రెండో బ్లాగు తెరుచుకోవడం. దానికీ పైసా ఖర్చు లేదు కదా.

గట్టి అభ్యంతరం వేరే ఉంది. ఇంత బాధ ఎందుకు, డబ్బు కట్టి సొంత డొమైన్ కొనుక్కుంటే పోలేదా? బ్లాగర్‌లో డొమైన్ తగిలించుకోవడానికి గూగుల్ ఏమీ అడగదు, డొమైన్ అద్దె కడితే చాలు. క్రమం తప్పక రాసేవారికి, ఏటా గుర్తుపెట్టుకుని కట్టేవారికి అది మంచిదే. కానీ డబ్బు కట్టడం శాశ్వతత్వానికి హామీ అనుకోవడం పొరపాటు. టైప్‌ప్యాడ్ 2003 నుంచి నెలనెలా డబ్బు తీసుకుని బ్లాగులు నడిపిన సేవ, అదీ 2025 సెప్టెంబరు ఆఖరున మూతపడింది. డొమైన్ సంగతి ఇంకా సున్నితం. బ్లాగర్‌లో సొంత డొమైన్ పెట్టాక పాత బ్లాగ్‌స్పాట్ చిరునామా దానికే దారి చూపుతుంది. డొమైన్ గడువు తీరితే రెండు దారులూ ఒకేసారి మూసుకుపోతాయి. తెలుగు బ్లాగులను ఒకచోట చేర్చిన సంకలినుల్లో కొన్ని, సొంత డబ్బూ సొంత సమయమూ పెట్టి నడిపినవాళ్ల ఓపిక తీరాక ఆగిపోయాయి. వాటిలో జాబితా కట్టిన ఉచిత బ్లాగ్‌స్పాట్ బ్లాగులు ఎన్నో ఇంకా ఉన్నాయి. రాసినవారు రాయడం మానేశాక కూడా ఉన్నాయి. ఉచితానికి ఉన్న ఈ బలాన్ని డొమైన్ అమ్మేవాళ్లు చెప్పరు. అయితే దీనికీ ఒక హద్దు వచ్చింది. రెండేళ్లపాటు వాడని ఖాతాలను తొలగించవచ్చని గూగుల్ 2023 మేలో ప్రకటించి, ఆ డిసెంబరు నుంచి మొదలుపెట్టింది. బ్లాగు ఆ ఖాతాకు కట్టుబడి ఉన్నదే. రాయకపోయినా అప్పుడప్పుడు లాగిన్ అయి రావాలి.

ఫేస్‌బుక్ ఉండగా ఇదంతా ఎందుకనే ప్రశ్నకు పెద్ద జవాబు అనవసరం. ఐదేళ్ల కిందట అక్కడ రాసినదాన్ని వెతికి తీయమనండి, వాళ్లకే తెలుస్తుంది.

కనుక థీమ్ ఎంచుకున్న రోజే సెట్టింగుల్లో బ్యాకప్ బటన్ ఎక్కడుందో కూడా చూసి, ఒకసారి నొక్కి చూడాలి. బ్లాగర్ ఇచ్చే బ్యాకప్ ఫైలులో టపాలు, వ్యాఖ్యలు వస్తాయి, దాన్ని వర్డ్‌ప్రెస్ దిగుమతి చేసుకోగలదు. బొమ్మలు మాత్రం ఆ ఫైలులో ఉండవు, వాటి లంకెలే ఉంటాయి. వర్డ్‌ప్రెస్ ఎగుమతిలోనూ అంతే. అందువల్ల ఫొటోల అసలు ప్రతులు సొంత కంప్యూటరులో ఏడాదివారీగా ఉంచుకోవాలి. ఫొటో కింద అది ఎవరిది, ఎక్కడిది, ఎప్పటిది అన్న వ్యాఖ్య టపాలోనే అక్షరాల్లో రాయాలి, బొమ్మమీద ముద్రించకూడదు. బ్లాగర్ సెట్టింగుల్లో మరొకరిని అడ్మిన్‌గా చేర్చే వీలుంది. ఇంట్లో పిల్లలో, రాత విలువ తెలిసిన స్నేహితుడో ఎవరో ఒకరిని అందులో చేర్చి, ఆ మాట వాళ్లకు చెప్పాలి. హెడర్‌లో ఏ బొమ్మ పెట్టాలో ఆ తర్వాత తీరిగ్గా ఆలోచించుకోవచ్చు.