బాణీ తెలిసినవాళ్లు కావాలి

శ్రమల కాలం వచ్చేసరికి మా బాపులపాడు చుట్టుపక్కల మామిడి తోటల్లో పిందె పడుతుంది. ఆ నలభై రోజులూ శనివారం సాయంత్రాలు గుడిలో పాత కీర్తనలు సాధన చేస్తాం. కొన్నేళ్లుగా వచ్చేవాళ్లలో కాలేజీ పిల్లలే ఎక్కువ. విజయవాడ హాస్టళ్లలో ఉంటూ, పెద్ద పెద్ద మందిరాల్లో డ్రమ్ములు, తెర మీద కదిలే పాటలు అలవాటైనవాళ్లు. ఆ ఆరాధనను నేను తక్కువ చేయను. కానీ అక్కణ్ణుంచి ఇక్కడికి ఎందుకొస్తున్నారు?

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం పేర్లుంటాయి. మా చేతుల్లో ఉన్న ప్రతుల్లో స్వరం లేదు. పురుషోత్తమ చౌధురి (1803–1890) కీర్తనను ఎవరికి వాళ్లు చదువుకోవచ్చు, పాడాలంటే మాత్రం తెలిసినవాళ్ల పక్కన కూర్చోవాలి. ఆ కూర్చోవడమే పిల్లల్ని పట్టి ఉంచుతోందని నా నమ్మకం. ఫోనులో పాట దొరుకుతుంది. చరణం చివర మన ముసలమ్మలు వేసే సంగతి దొరకదు, తప్పు పాడితే ఆపి మళ్లీ పాడించే మనిషీ దొరకదు.

పాటే కాదు, అందరూ కలిసి చెప్పే మాటా అలాగే పట్టి ఉంచుతుంది. "నాన్న పోయినప్పుడు ప్రార్థన చేద్దామంటే మాట రాలేదండీ. అందరూ విశ్వాస ప్రమాణం చెబుతుంటే నోరు కలిసింది" అంది ఒకమ్మాయి. 325లో నైసీయలో రూపు కట్టి, 381లో విస్తరించిన ప్రమాణాన్ని ఆరాధనలో ఇప్పటికీ చెబుతున్నాం. సొంత మాట కరువైనవాళ్లను మోయడానికే పెద్దలు ఇలాంటి మాటల్ని దాచిపెట్టారు.

ఇదంతా దొరలిచ్చిందేగా అంటారు కొందరు. 1841లో ఫాక్స్, నోబుల్ అనే మిషనరీ దొరలు మచిలీపట్నం వచ్చిన మాట నిజమే. కానీ 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డాక, 1950 నాటి ప్రభు భోజన క్రమంలో, చేతిలో చెయ్యి ఉంచి సమాధానం అందించే పద్ధతి చేరింది. కేరళ సిరియన్ క్రైస్తవుల పాత ఆచారం అది. తర్వాత పడమటి దేశాల సంఘాలే మనల్ని చూసి ఇలాంటిది తెచ్చుకున్నాయి. ఈ సంగతి చెప్పినప్పుడు పిల్లల ముఖాలు చూడాలి!

పిల్లలకు ఆది తాళం చేతికొచ్చింది. ఇంకా ఎన్నో కీర్తనలకు బాణీ చెప్పేవాళ్లు లేరు. నూజివీడు, హనుమాన్ జంక్షన్ వైపు పల్లెల్లో, పాత ఉపదేశుల ఇళ్లలో గుర్తున్న పెద్దలుంటే కబురు పెట్టండి. మీరు రాలేకపోతే పిల్లలే మీ ఇంటికొస్తారు.