స్వేచ్ఛా వాణిజ్యంలో ‘స్వ’ ఎవరు?

ఇంగ్లిష్‌లో ‘ఫ్రీ ట్రేడ్’ అంటే సరుకు మీద సుంకం, అడ్డు లేకపోవడం. లేనిదాన్ని చెప్పే మాట అది. తెలుగులోకి వచ్చేసరికి ‘స్వేచ్ఛా వాణిజ్యం’ అయింది. స్వ, ఇచ్ఛ. సుంకం ఊసు పోయి, ఎవరిదో ఇష్టం వచ్చి కూర్చుంది. ఆ ఎవరో ఎవరన్నది మాత్రం మాటలో లేదు.

ఏలూరు జిల్లాలో వెతికి చూద్దాం. కైకలూరు వైపు వనామి చెరువులు. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకు మీద అదనపు సుంకాన్ని 50 శాతం చేసింది. రొయ్యల మీద అంతకుముందే ఉన్న యాంటీ డంపింగ్, కౌంటర్‌వెయిలింగ్ సుంకాలు దీనికి వేరు. అక్కడ కట్టే పన్నులో కొంత ఇక్కడ చెరువు గట్టు మీద కౌంట్ రేటులోంచి కోతపడుతుంది. ఈ రైతుకి సుంకం శత్రువు.

అదే జిల్లాలో పెదవేగి వైపు పామాయిల్ తోటలు. ముడి పామాయిల్ దిగుమతి మీద కేంద్రం 2024 సెప్టెంబరులో ప్రాథమిక సుంకాన్ని సున్నా నుంచి 20 శాతానికి పెంచింది, 2025 మే చివర్లో 10కి దించింది. గెలల ధర నూనె ధరను పట్టుకుని నడుస్తుంది కాబట్టి ఈ రైతుకి సుంకమే గొడుగు. దించితే సిటీలో నూనె ప్యాకెట్ కొనేవాళ్లకి హాయి (అంటే మనకే లెండి). రొయ్యల రైతు గురించి బాధపడుతూ ‘స్వేచ్ఛా వాణిజ్యం కావాలి’ అన్నప్పుడు, పక్క మండలం వాడి గొడుగు లాగేస్తున్నామని తోచదు. మాట అంత నున్నగా ఉంది.

తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్‌ది ఇంకో పేచీ. 2023 డిసెంబరు 8న ఉల్లి ఎగుమతి ఆపేసింది మన కేంద్రమే. 2024 మే 4న నిషేధం ఎత్తేస్తూ 40 శాతం ఎగుమతి సుంకం, కనీస ఎగుమతి ధర పెట్టింది. దీన్ని ‘ధరల అదుపు’ అంటాం. అమెరికా చేస్తే ‘సుంకాల యుద్ధం’. ఉల్లి పండించినవాడి ఇచ్ఛ ఈ రెండు మాటల్లో ఎక్కడా పట్టదు.

కొల్లేరు చేప కోల్‌కతా వెళ్లడానికి సరిహద్దు సుంకం లేదు. కానీ ఆ వ్యాపారం సరస్సునే తవ్వుకుని పెరిగింది. 1999లో అభయారణ్యంగా ప్రకటించినా చెరువులు పోలేదు, 2006లో గట్లు పేల్చేయాల్సి వచ్చింది. ఆ చేప ధరలో సరస్సు ఖరీదు ఎప్పుడూ కలవలేదు.

2025 జూలై 24న బ్రిటన్‌తో సంతకమైన ఒప్పందం అసలు పేరు ‘సమగ్ర ఆర్థిక, వాణిజ్య ఒప్పందం’. అందులో ‘ఫ్రీ’ లేదు. వాళ్లు పెట్టుకోని స్వేచ్ఛని మన హెడ్డింగులు కలిపాయి. ‘సుంకాలు తగ్గించే ఒప్పందం’ అంటే ఏం పోయింది? అప్పుడు ఏ సరుకు మీద, ఎంత, ఎప్పటినుంచి అని వెంటనే అడగబుద్ధవుతుంది.