గోదావరి పాఠంలో మన వాడ ఏది?

గోదావరి గురించి బడి పుస్తకాలు, పుష్కరాల ప్రత్యేక సంచికలు, ప్రాజెక్టుల కరపత్రాలు చెప్పేది దాదాపు ఒకటే తీరు. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుడుతుంది. అరేబియా సముద్రం 80 కిలోమీటర్ల దూరంలోనే ఉన్నా తూర్పుకు మళ్లి, 1,465 కిలోమీటర్లు పారి బంగాళాఖాతంలో కలుస్తుంది. పరివాహక ప్రాంతం 3 లక్షల చదరపు కిలోమీటర్లకు పైనే. దక్షిణ గంగ. ఇవేవీ అబద్ధాలు కావు. కానీ ఏ గట్టు మీద నిలబడి ఈ పాఠం రాసిన్రు అన్నది మన ప్రశ్న.

పురాణం చెప్పేవాళ్లకు ఇది గోహత్యా పాపం పోగొట్టుకోవడానికి గౌతముడు తెచ్చిన నీరు. కోస్తా చరిత్ర రాసేవాళ్లకు ఇది 1852లో పూర్తయిన కాటన్ ఆనకట్ట. ఇంజనీర్లకు టీఎంసీల లెక్క. ముగ్గురి పాఠంలోనూ నీళ్లున్నాయి. ఆ నీళ్ల పక్కన బతికిన మనుషులు, ఆ మనుషుల కులాలు లేవు.

నది పుట్టిన చోటి నుంచే మొదలుపెడదాం. నాసిక్ పంచవటిలో గోదావరి ఒడ్డునే కాలారామ్ గుడి ఉన్నది. 1930 మార్చి 2న అంబేద్కర్ నాయకత్వంలో వేలమంది అంటరానివాళ్లు ఆ గుడి ముందు సత్యాగ్రహానికి దిగిన్రు. తలుపులు మూసుకున్నయి. ఆ నాసిక్ జిల్లాలోనే, యేవలాలో, 1935లో ఆయన హిందువుగా చావనని ప్రకటించిండు. నది సముద్రంలో కలిసే కోనసీమలో, 2022 మేలో, జిల్లాకు ఆయన పేరు పెడుతున్నారని అమలాపురంలో ఇళ్లు తగలబెట్టిన్రు. మొదట్లో గుడి తలుపు, చివర పేరు. నది మొదలూ చివరా అడ్డంపడ్డది ఒకటే. ఈ భూగోళం ఏ పాఠంలోనూ లేదు.

ఇక నడుమ మన సంగతి. ముస్తాబాద్ దిక్కు గోదావరి అంటే మానేరే. గోదావరిని మనోళ్లు గంగ అంటరు, అది ధర్మపురి కాడ. మనకు దినాం కనిపించేది మాత్రం మంథని దగ్గర గంగలో కలిసే ఈ ఉపనది. నర్మాల దగ్గర నిజాం కాలపు ఎగువ మానేరు, మాన్వాడ దగ్గర మధ్య మానేరు, కరీంనగర్ దగ్గర దిగువ మానేరు. ఒక్క ఉపనదికి మూడు ఆనకట్టలు. మన ఊళ్లల్ల చెరువు తూము ఎత్తి, పొలాలకు నీళ్లు కట్టే నీరటి పని చాలాచోట్ల దళితులదే. నీళ్ల దారి మొత్తం తెలిసినోడు వాడు. ఆ నీళ్లు పారే మడి మాత్రం వాడిది కాదు. నది ప్రాముఖ్యం అనే మాటను విప్పిచూస్తే తేలేది ఇదే. భూమి ఉన్నోడికే నది ప్రాముఖ్యం.

నీళ్లొస్తే కూలి దొరకదా అని అడగొచ్చు. దొరుకుతది, కాదనం. రెండో పంటతో నాట్లు, కలుపు పెరుగుతయి. కానీ కోతకు మిషన్లు వచ్చినయి. కూలి పెరిగితే బతుకు గడుస్తది, హక్కు రాదు. నీళ్లు, నిధులు, నియామకాలు అని కొట్లాడిన తెలంగాణలో నీళ్ల పక్కన భూమి అనే మాటను గట్టిగా చేర్చకపోవడం మన లోపం కూడా.

మధ్య మానేరులో అనుపురం, రుద్రవరం, సంకెపల్లి వంటి ఊళ్లు మునిగినయి. మునిగిన భూమికి పట్టా ఉంటే లెక్క ఉంటది. ఆ భూమిలో కూలి చేసినోడి పనికి ఏ లెక్క? వ్యవసాయ కూలీ కూడా నిర్వాసితుడేనని 2013 చట్టం ఒప్పుకుంది. అప్పటికి దేశంలో ఎన్ని ఊళ్లు మునిగినయో.

ఇసుక సంగతి మరీ దగ్గరిది. 2017 జూలైలో పక్కనున్న నేరెళ్ల దగ్గర ఇసుక లారీ గుద్ది ఒక మనిషి చనిపోయిండు. కోపంతో జనం లారీలు కాల్చిన్రు. ఆ కేసులో పట్టుకపోయిన వాళ్లలో దళితులు, బీసీలు ఉన్నారు. పోలీసులు తమను చిత్రహింసలు పెట్టిన్రని వాళ్లు చెప్పుకున్నరు. మానేరు ఇసుక ఎవరి మేడలకు పోయింది, దెబ్బలు ఎవరి ఒంటి మీద పడ్డయి అన్నది కూడా నదీ భూగోళమే.

ఇంజనీర్ల పాఠం దాని లెక్కనూ అది నిలబెట్టుకోలేదు. 2019లో ప్రారంభమైన కాళేశ్వరంలో మేడిగడ్డ పిల్లర్లు 2023 అక్టోబరులో కుంగినయి. దాని మీద పార్టీలు తిట్టుకుంటున్నయి. ఎవరి భూమికి ఎన్ని నీళ్లు అందినయి, అందులో దళితుల భూమి ఎంత అన్న ప్రశ్న ఏ పార్టీ నోటా లేదు.

టీచర్లకు, విద్యార్థులకు మేము చెప్పేది చిన్న పని. గోదావరి పాఠం చెప్పేరోజు పిల్లలతో ఊరి పటం గీయించండి. చెరువు, తూము, కాలువ, పొలాలు, మాలవాడ, మాదిగవాడ. ఏ మడి ఎవరిదో రాయించండి. వాడ నుంచి చూస్తే నది ఎట్ల కనిపిస్తదో పిల్లలే చెప్తరు. అప్పటిదాకా మన పాఠంలో గోదావరి సగమే ప్రవహిస్తది.