చలికాలపు వెలుగు – మన వర్ణనలు

ఋతువర్ణనము మన కావ్యములకు విధింపబడిన అంగములలో నొకటి. మహాకావ్యమున నగరమును, సముద్రమును, పర్వతమును వర్ణించినట్లే ఋతువులను, చంద్రసూర్యోదయములను గూడ వర్ణింపవలెనని దండి కావ్యాదర్శమున చెప్పెను. కావున హేమంత శిశిరములు మన సాహిత్యమునకు క్రొత్తవి కావు. అయినను చలికాలమున ఒక సామాన్యగృహములోనికి వెలుగు ఎట్లు వచ్చునో, అందు ఎవరి పాలు ఎంతయో తెలిసికొనగోరి ఈ వర్ణనములను తెరచినవారికి దొరకునది మిక్కిలి స్వల్పము. ఈ కొరతను గూర్చి అరసవల్లిని దృష్టాంతముగా గొని కొంత విచారింపదలచితిమి.

కాళిదాసుని ఋతుసంహారమునే చూతము. ఆరు సర్గల ఆ కావ్యమున నాల్గవది హేమంతమునకు, అయిదవది శిశిరమునకు ఏర్పడినవి. పండిన వరిచేలను కవి మరువలేదు. కిటికీలు మూసిన గదులు, నిప్పు, ఎండ, దట్టపు బట్టలు ఈ కాలమున జనులకు ప్రియములని చెప్పనే చెప్పెను. ఆ మాట సత్యము. కాని ఆ నిప్పును రాజబెట్టిన వారెవరు? ఆ గది కలవారెందరు? కవి చూపు త్వరలోనే పానుపువైపు మరలును. తరువాతివారిలో పెక్కండ్రు ఎండను విడిచి పానుపును మాత్రమే గ్రహించిరి. అందుచేత చలికాలము భోగుల ఋతువై కూర్చున్నది. మహాకవిని నిందించుట మా యుద్దేశము గాదు. ఆయన ఒక్కమాటలో చూపినదానిని మనము పెంచుకొనలేదనియే మా చింత.

పెంచుకొనుటకు వీలున్నదని కృష్ణదేవరాయలు చూపెను. ఆముక్తమాల్యదలోని వర్షర్తువర్ణనమున, తడిసిన కట్టెలతో పొయ్యి రాజుకొనక గృహిణులు పడు పాట్లు కలవు. చక్రవర్తి వంటయింటి పొగను చూడగలిగినప్పుడు, పుష్యమాసపు తెల్లవారుజామున చన్నీటితో కల్లాపి చల్లు చేతులను మన రచయితలేల చూడరాదు?

ఇక అరసవల్లి మాట. శ్రీకాకుళమునకు చేరువనున్న ఈ సూర్యక్షేత్రమునకు హర్షవల్లి యను పేరు పూర్వము ఉండెడిదని అచ్చటివారు చెప్పుదురు. ఆలయమును తూర్పుగాంగులలోని దేవేంద్రవర్మ 7వ శతాబ్దమున కట్టించెనని ప్రసిద్ధి. ఏటేట మార్చి 9, 10 తేదీలలోను, అక్టోబరు 1, 2 తేదీలలోను మబ్బు లేనియెడల ఉదయకిరణములు అనివెట్టి మండపమును దాటి గర్భాలయమున స్వామి పాదములను తాకును. దీనిని గూర్చి వ్రాయువారిలో చాలమంది అద్భుతమని వ్రాసి ఊరకుందురు. అద్భుతమను మాటతో ఆలోచన ఆగిపోవుట మాకు సమ్మతము గాదు.

చదువరులు తేదీలను తామే లెక్కించి చూతురుగాక. అక్టోబరు 2 మొదలుకొని, సూర్యుడు దక్షిణపు కొసను ముట్టు డిసెంబరు 21 వరకు 80 దినములు. అక్కడినుండి మార్చి 10 వరకు 79 దినములు. పోవునపుడు ఆకసపు అంచున ఏ చోట ఉదయించెనో, మరలి వచ్చునపుడును ఇంచుమించు ఆ చోటనే ఉదయించును. కనుకనే ఒక్క వాకిలి ఏడాదికి రెండుమారులు వెలుగును. ఆ రెండు వెలుగుల నడుమ నున్నదే మన చలికాలము. పోయిన వెలుగు లెక్క తప్పక తిరిగి వచ్చునని ఆ గుడి చెప్పుచున్నది. ఇది అద్భుతముకంటె గొప్ప సంగతి, నమ్మదగిన సంగతి.

అసలు మన చీకటి ఏపాటిది? శ్రీకాకుళమున మిక్కిలి చిన్నదైన పగలు సుమారు 11 గంటలు. నార్వేదేశపు ఉత్తరభాగమున ట్రోమ్సో పట్టణమున నవంబరు చివరనుండి జనవరి నడుమవరకు సూర్యుడు ఉదయింపనే ఉదయింపడు. మనకు తక్కువైనది గంటసేపటి వెలుగే. ఆ గంటను దీపము చెంత చదువునకు, తలపోతకు వినియోగించుకొనుట మన చేతిలోని పని.

రథసప్తమినాడు మన యిండ్లలో జరుగు వేడుకను చూడుడు. తలపై జిల్లేడాకులు, రేగుపండ్లు ఉంచుకొని స్నానము చేయుదురు. పెరటిలో ఎండ పడుచోట అలికి ముగ్గు పెట్టి, పిడకల నిప్పుపై పాలు పొంగించి, క్రొత్తబియ్యము, బెల్లము వేసి పరమాన్నము వండుదురు. చిక్కుడుకాయలతో రథము కట్టి, చిక్కుడాకులలో నైవేద్యము పెట్టుదురు. రేగుపండు, చిక్కుడుకాయ, క్రొత్తబియ్యము, లేతయెండ: అన్నియు ఆ ఋతువు ఇచ్చినవే, అన్నియు పేదకును అందునవే. మా యెరుకలో ఇంతకంటె చక్కని శిశిరవర్ణనము మరియొకటి లేదు. అయినను ఈ పండుగపై వచ్చు వ్యాసములు ఏయే పాపములు పోవునో, ఏయే రోగములు మానునో పట్టీ వ్రాయునే గాని ఈ యానందమును తడవవు. రోగమునకు వైద్యుడున్నాడు, ఆనందమునకు గదా వ్రాయువాడు కావలెను.

2025లో అరసవల్లి రథసప్తమిని ప్రభుత్వము రాష్ట్రపండుగగా జరిపినది. సంతోషమే. కాని ఆ పండుగ పెరటిలో ఎవరికెంత దక్కుచున్నదో గూడ చూడవలెను. ఒక యేడు మేము ఒక బంధుగృహమున ఆనాడు ఉంటిమి. ఇంటి పెద్దావిడ నాలుగు గంటలకు లేచి నీళ్లు తోడి, నిప్పు చేసి, వండి, ఎండలో కూర్చున్న మాకందరకు వడ్డించినది. ఆమె ఆకు వేసికొనునప్పటికి ఎండ గోడ దాటినది. మేము జరిగి చోటిచ్చితిమి. “ఎండ వెళ్లిపోయింది నాయనా, నేను లోపలే తింటాలే” అని ఆమె లోనికి పోయినది. అంతవరకు ఆ యెండను మెచ్చుకొనుచు మేము ఆడిన మాటలన్నియు మాకే వెగటైనవి.

1910లో తోకచుక్కను చూచి లోకము అరిష్టమని భయపడుచుండగా, విజయనగరపు గురజాడ అప్పారావుగారు ముత్యాల సరములలో దానిని సంస్కరణమునకు పతాకగా చూచిరి. ఆ మాటలను ఇల్లాలితో పలికినట్లు కూర్చిరి. ఆకసమును భయము లేక చూచుట, ఇల్లాలిని కలుపుకొని చూచుట అను రెండును మన చలికాలపు వ్రాతలకు నేటికిని కావలసినవే.

కనుక రచయితలకు మా మనవి యిది: చలిని వ్రాయునపుడు నిప్పు చేసిన చేతులను వ్రాయుడు. గృహస్థులకు మనవి: రాబోవు రథసప్తమినాడు నీళ్లు మీరు తోడుడు, పిడకలు మీరు పేర్చుడు; మొదటి ఆకును ఇంటి ఆడువారికి ఎండలో వేయుడు. పిమ్మట వారి చేతికి ఒక పుస్తకమిచ్చి, ఆ యెండ గోడ దాటువరకు ఎవ్వరును పిలువకుడు.